అల్లాడి కృష్ణస్వామి అయ్యరుగారి విద్యాభ్యాసము – న్యాయవాద జీవితారంభము

చిలమకూరు గ్రామమున ఒక రైతునకును ప్రక్క పొలము రైతునకును గట్టు విషయమై తగవు వచ్చినదనుకొందము. ఊరి పెద్దలు చెప్పినను తీరనిచో ఆ తగవు మునసబు కోర్టునకు పోవును. అక్కడ ఓడినవాడు కడపకు పోవును. కడపలో ఓడినవాడు చెన్నపట్నమునకు పోవును. 1954వ సంవత్సరము వరకు మన తాతముత్తాతలు నడచిన దారి యిదియే. ఎర్రగుంట్ల స్టేషనులో రైలెక్కి, కాగితముల మూట చంకబెట్టుకొని, కొత్త ఊరిలో, తనకు అర్థముగాని భాషలో వాదప్రతివాదములు జరుగు పెద్దకోర్టు ముంగిట నిలిచిన ఆ రైతునకు దిక్కు ఒక్కడే. అతడు తన వకీలు.

రైతునకు వకీలున్నట్లే ప్రభుత్వమునకు కూడ వకీలు ఉండవలెను. ప్రభుత్వము చేసిన చట్టము చెల్లునా చెల్లదా యన్న వివాదము వచ్చినప్పుడు దాని పక్షమున నిలిచి వాదించుటకును, చట్టము చేయకముందే మంచిచెడ్డలు చెప్పుటకును నియమింపబడిన ప్రథమ న్యాయవాదికి అడ్వకేటు జనరలు అని పేరు. నేడు మన రాజ్యాంగములోని 165వ అధికరణము ప్రకారము ప్రతి రాష్ట్రమునకు ఒక అడ్వకేటు జనరలు కలడు. హైకోర్టు న్యాయమూర్తి కాదగిన అర్హత గలవాడే ఈ పదవికి తగును. తెలుగు జిల్లాలు చెన్నరాజధానిలో భాగమై యున్న దినములలో, 1929 మొదలు 1944 వరకు పదునైదేండ్లు ఆ పదవిని నిర్వహించినవారు నెల్లూరు సీమలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యరుగారు.

వారి పేరు వినగానే భారత రాజ్యాంగ రచన జ్ఞప్తికి వచ్చును. అది సహజమే. కాని ఫలమును చూచి ఆనందించువారు వేరును మరచుట తరచుగా జరుగుచుండును. పల్లెటూరి పురోహితుని కుమారుడు రాజధాని ప్రభుత్వమునకు ప్రథమ న్యాయవాది యగుటకు ఏ మెట్లెక్కవలసివచ్చెనో, ఆ మెట్లమీద ఆయన ఏమి ఆర్జించెనో తెలిసికొనుట మన విద్యార్థులకు, వారిని చదివించు తలిదండ్రులకు మిక్కిలి ఉపయుక్తము.

పుదూరు గ్రామము

కృష్ణస్వామి అయ్యరుగారు 1883వ సంవత్సరము మే నెల 14వ తేదీన నెల్లూరు జిల్లాలోని పుదూరు అను చిన్న గ్రామమున జన్మించిరి. వారి తండ్రి ఏకామ్రశాస్త్రిగారు. పౌరోహిత్యము ఆయన వృత్తి. పల్లెటూళ్లలో ఆ వృత్తి వలన లభించునది సామాన్యముగా సంసారము గడచుటకే చాలదు. పిల్లవానిని పట్నమునకు పంపి ఇంగ్లీషు చదువు చెప్పించుటకు కావలసిన ధనము అట్టి యిండ్లలో నిలువయుండదు.

ఆ కాలపు స్థితిని కొంచెము గమనింపవలెను. నెల్లూరు జిల్లా చెన్నపట్నమునకు సమీపముననే యున్నది. అయినను, దూరము మైళ్లతో మాత్రమే కొలువదగినది కాదు. పల్లెలోని వీథిబడికిని పట్నములోని కాలేజీకిని నడుమ మెట్రిక్యులేషను అను ద్వారమొకటి యుండెను. ఆ పరీక్ష నడచునది ఇంగ్లీషు భాషలో. ఇంటిలో ఇంగ్లీషు ఎరుగని పిల్లవానికి ఆ ద్వారము దాటుట కఠినము. దాటలేనివాని చదువు అక్కడితో ముగిసెడిది. దాటినవానికి గుమాస్తా ఉద్యోగము మొదలు హైకోర్టు వరకు దారి తెరచుకొనెడిది. కృష్ణస్వామి అయ్యరుగారు 1899లో, అనగా తమ పదునారవ యేట, ఆ పరీక్షలో కృతార్థులైరి.

చెన్నపట్నపు చదువు

మెట్రిక్యులేషను పిమ్మట వారు చెన్నపట్నములోని క్రిస్టియన్ కాలేజీలో చేరి చరిత్రను అభ్యసించిరి. ఆ కాలేజీ 1937లో తాంబరమునకు తరలిపోయినది గాని, వారు చదివిన దినములలో జార్జిటౌనులో, ఎస్ప్లనేడు వీథిలో, హైకోర్టు భవనములకు ఎదుటనే యుండెను. అప్పుడు దానికి అధ్యక్షులు స్కాట్లండు దేశీయులైన డాక్టరు విలియం మిల్లరుగారు. 1877 మొదలు 1907 వరకు ఆ కాలేజీని నడిపి, దక్షిణదేశపు విద్యావంతులలో రెండు మూడు తరములవారిని తీర్చిదిద్దినవారాయన.

ఒక్క విశేషమును పాఠకులు భావింపవలెను. వీథికి ఒక ప్రక్క కాలేజీ. రెండవ ప్రక్క 1892లో తెరువబడిన ఎఱ్ఱరాతి రంగు గోపురముల హైకోర్టు. ఆ ఆవరణలోనే లా కాలేజీ. ఆ లా కాలేజీ 1891లో స్థాపింపబడినది. అనగా మన కథానాయకుని చదువు, వృత్తి, కీర్తి మూడును కొన్ని వందల గజముల నేలలోనే ఇమిడియుండెను. పుదూరు నుండి ఆ వీథికి వచ్చుటయే కష్టము. వచ్చిన తరువాత ఒక ప్రక్కనుండి రెండవ ప్రక్కకు దాటుటకు పట్టిన కాలము కొన్ని సంవత్సరములు మాత్రమే. కాని ఆ కొద్ది సంవత్సరములలో వారు చేసిన కృషి సామాన్యమైనది కాదు. చరిత్ర చదువుచునే మిగిలిన వేళలలో న్యాయశాస్త్ర తరగతులకు పోయి, బి.ఎల్. పరీక్షలో కూడ ఉత్తీర్ణులైరి.

చరిత్రకును న్యాయశాస్త్రమునకును సంబంధమేమి యని కొందరు అడుగవచ్చును. ఒక చట్టమును చదువుటకు అక్షరజ్ఞానము చాలును. ఆ చట్టము ఎందుకు పుట్టినది, దానికి ముందు ఏమున్నది, ఏ కష్టమును తీర్చుటకు దానిని చేసిరి అను విషయములు చరిత్ర చెప్పవలసినవే. ఇంగ్లండులో రాజునకును పార్లమెంటునకును జరిగిన పోరాటము తెలియనివానికి పౌరుని హక్కు అనగానేమో పూర్తిగా బోధపడదు. అమెరికా రాష్ట్రములు ఎట్లు ఒక్కటైనవో తెలియనివానికి కేంద్రమునకును రాష్ట్రములకును అధికారములు పంచుట యెంత చిక్కుపనియో తెలియదు. నలువది యేండ్ల తరువాత రాజ్యాంగ సభలో ఇంగ్లండు, అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా దేశముల పద్ధతులను పోల్చి వారు మాట్లాడుచుండ సభ్యులు శ్రద్ధగా వినెడివారు. ఆ పాండిత్యమునకు పునాది చరిత్ర తరగతిలోనే పడినది.

వకీళ్లు, బారిష్టర్లు

ఆ కాలమున న్యాయవాదులందరు ఒక్క తరగతివారు కారు. నేటి యువకులకు ఈ భేదము తెలియకపోవచ్చును గనుక రెండు మాటలు చెప్పవలసియున్నది. జిల్లా కోర్టులలోను, మునసబు కోర్టులలోను వాదించువారు ప్లీడర్లు. వారిలో మరల తరగతులు కలవు. మన విశ్వవిద్యాలయములలో బి.ఎల్. పట్టము పొంది, అనుభవశాలియైన పెద్ద వకీలు వద్ద కొంతకాలము పనినేర్చి హైకోర్టులో చేరినవారు వకీళ్లు. ఇంగ్లండుకు పోయి అక్కడి న్యాయవిద్యాశాలలలో పట్టము పొంది వచ్చినవారు బారిష్టర్లు. గౌరవములోను, ముందువెనుకలలోను వకీలునకును బారిష్టరునకును అంతరముండెను. సముద్రము దాటుటకు డబ్బుగలవానికి ఒక మర్యాద, దేశములోనే చదివినవానికి ఒక మర్యాద. 1926లో ఇండియా బార్ కౌన్సిళ్ల చట్టము వచ్చిన పిదప ఈ భేదము తొలగి అందరును అడ్వకేట్లు అయిరి.

ఈ మెట్లు ఎట్టివో ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారి జీవితమును చూచినను తెలియగలదు. ఆయనయు బీదకుటుంబములోనే పుట్టి, పరులయింట తినుచు చదువుకొనెను. రాజమహేంద్రవరమున ప్లీడరుగా మంచి పేరు, ధనము ఆర్జించెను. కాని రెండవ తరగతి ప్లీడరగుటచే హైకోర్టులో వాదించు అర్హత లేకపోయెను. అందుచేత ఇంగ్లండు పోయి బారిష్టరై 1907లో తిరిగివచ్చి చెన్నపట్నమున వృత్తి ప్రారంభించెను. దాదాపు ఆ సంవత్సరములలోనే కృష్ణస్వామి అయ్యరుగారును అదే హైకోర్టులో వకీలుగా అడుగుపెట్టిరి. ఒకరు సముద్రము దాటి వచ్చిన బారిష్టరు. ఒకరు వీథి దాటి వచ్చిన వకీలు. ఇద్దరును తెలుగు జిల్లాల బీద యిండ్లనుండి వచ్చినవారే. తరువాతి కాలమున ఈ యిద్దరి దారులు ఎట్లు చీలెనో ముందు చెప్పెదము.

పెద్దల వద్ద పనినేర్చుట

కృష్ణస్వామి అయ్యరుగారు పని నేర్చినది పి.ఆర్. సుందరయ్యరుగారి వద్ద. ఆ దినములలో హైకోర్టునందు అగ్రశ్రేణిలో నిలిచిన వకీళ్లలో సుందరయ్యరుగారు ఒకరు. 1891లో వెలువడనారంభించిన మద్రాసు లా జర్నల్ అను న్యాయపత్రికను నడిపినవారిలో ఒకరు. పిమ్మట హైకోర్టు న్యాయమూర్తి పదవి నలంకరించి 1913లో కీర్తిశేషులైరి. అట్టివారి గదిలో జూనియరుగా కూర్చొనుట యువకునకు గొప్ప యదృష్టమే.

అయితే జూనియరు పని యనగానేమి? కోర్టులో నిలిచి గంభీరముగా ఉపన్యసించుట అని పలువురు భావింతురు. అది నిజము కాదు. అప్పీలులో క్రింది కోర్టుల కాగితములన్నియు అచ్చుపడి పుస్తకముగా వచ్చును. తెలుగు జిల్లాలనుండి వచ్చిన దస్తావేజులు, వాఙ్మూలములు ఇంగ్లీషులోనికి తర్జుమా కావలెను. ఆ పుస్తకమును మొదటినుండి తుదివరకు చదివి, జరిగిన సంగతులను తేదీల వరుసన పేర్చి, వివాదాంశము ఏదో తేల్చి, దానిని గూర్చి పూర్వము ఏ కోర్టు ఏమి తీర్పు చెప్పినదో వెదకి సీనియరు చేతికందీయవలెను. 1876 మొదలు ఇండియన్ లా రిపోర్టులు సంపుటములుగా వెలువడుచుండెను. నాలుగు హైకోర్టుల తీర్పులు, వాటిపైన లండనులోని ప్రీవీకౌన్సిలు తీర్పులు. వీటిలో తగినది దొరకినచో ఓడిపోవు దావా గెలువవచ్చును. దొరకనిచో గెలువవలసినది ఓడవచ్చును.

ఈ వెదకుటలోనే కృష్ణస్వామి అయ్యరుగారు ప్రసిద్ధులైరి. పూర్వపు తీర్పులను గూర్చిన వారి జ్ఞాపకశక్తి, వాటి వెనుకనున్న న్యాయసూత్రమును పట్టుకొను నేర్పు హైకోర్టులో చెప్పుకొనదగినవి. జ్ఞాపకశక్తి జన్మతో వచ్చునని చెప్పి ఊరకుండుట సోమరుల మాట. చదివినదానినే మరల మరల చదివి, ఒకదానితో ఒకటి పోల్చి, ప్రతిదినము దానితోనే కాలక్షేపము చేసినవానికి నిలుచు జ్ఞాపకము వేరు. బీదవానికి వంశపు పలుకుబడి లేదు. బారిష్టరు పట్టము లేదు. తీర్పుల సంపుటములు మాత్రము చదువువానిది ఏ కులమో, ఏ యూరో అడుగవు.

ఆ సమయమునకు తగిన పనియు కావలసినంత యుండెను. తెలుగు జిల్లాలన్నిట భూమిపన్ను పద్ధతి ఒకటి కాదు. మన కడప, బళ్లారి, కర్నూలు, అనంతపురము సీమలలో 1800 మొదలు 1807 వరకు కలెక్టరుగా నుండిన మన్రో దొర నెలకొల్పిన రైత్వారీ పద్ధతి. ఇచ్చట రైతు నేరుగా సర్కారునకు శిస్తు కట్టును. ఉత్తర సర్కారులలోను, నెల్లూరులోని వేంకటగిరి మొదలగు సంస్థానములలోను జమీందారీ పద్ధతి. అచ్చటి రైతు జమీందారునకు శిస్తు కట్టును. ఆ భూమి ఎవరిది, రైతును వెళ్లగొట్టవచ్చునా, శిస్తు పెంచవచ్చునా, జమీందారు చనిపోయిన సంస్థానము పెద్దకుమారునకా అందరకా, దత్తత చెల్లునా అను వివాదములు హైకోర్టును నింపివేసెను. 1904లో సంస్థానములు విభాగము కాకుండ కాపాడు చట్టమొకటి, 1908లో ఎస్టేటు భూముల చట్టమొకటి వచ్చెను. రెండవదాని వలన జమీందారీ రైతునకు తాను దున్నుకొను నేలపై స్థిరమైన హక్కు లభించెను. కొత్త చట్టము వచ్చినప్పుడెల్ల దాని ప్రతి మాటకును అర్థము తేల్చుటకు కొంతకాలము వ్యాజ్యములు తప్పవు. అప్పుడే వృత్తిలో ప్రవేశించిన యువకుడు ఆ చట్టముతోపాటు తానును పెరుగును. పెద్దలు పాతచట్టమునందు ఆరితేరియుందురు. కొత్త చట్టము ముందు పెద్దయు చిన్నయు సమానులే.

అడ్వకేటు జనరలు పదవి

ఇట్లు ఇరువది యేండ్లు గడచెను. ఆ కాలములో వారు హైకోర్టు న్యాయవాదులలో మొదటి వరుసకు వచ్చిరి. 1926లో ప్రభుత్వము వారికి కైజర్ ఎ హింద్ పతకము నిచ్చెను. 1929లో అడ్వకేటు జనరలుగా నియమించెను. 1930లో దివాన్ బహదూరు బిరుదును, 1932లో సర్ బిరుదును వచ్చినవి. పుదూరు పురోహితుని కుమారుడు సర్ అల్లాడి కృష్ణస్వామి అయ్యరు అయ్యెను.

పదవిని చేపట్టిన తరువాతను వారి విద్యార్థిదశ ముగియలేదు. దేశములోని వ్యాపారులు ఉమ్మడిగా నడుపు కొట్లు, కంపెనీల కొరకు భాగస్వామ్య చట్టమును సిద్ధపరచుటకు భారత ప్రభుత్వము నియమించిన నలుగురు పండితుల సంఘములో వారొకరు. బ్రజేంద్రలాల్ మిత్తర్, దిన్షా ముల్లా, ఆర్థర్ ఎగ్గర్ తక్కిన మువ్వురు. ఆ చట్టము 1932లో అమలునకు వచ్చెను. నేడును ప్రొద్దుటూరులోని వర్తకులిరువురు కలసి కొట్టు పెట్టుకొన్నచో వారి లాభనష్టముల వాటాలు, బాధ్యతలు నిర్ణయించునది ఆ చట్టమే.

1937లో ప్రాంతీయ స్వపరిపాలనము వచ్చి, చెన్నపట్నమున రాజగోపాలాచారిగారి మంత్రివర్గము ఏర్పడిన పిమ్మట అడ్వకేటు జనరలు పని మరింత పెరిగెను. ఏ అధికారము కేంద్రమునకు చెందును, ఏది రాష్ట్రమునకు చెందును అను వివాదములను తీర్చుటకు ఢిల్లీలో ఫెడరల్ కోర్టు ఆ సంవత్సరముననే స్థాపింపబడెను. అప్పులలో మునిగిన రైతునకు వడ్డీబాధ తగ్గించుటకై మన రాష్ట్ర శాసనసభ 1938లో వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టము చేసెను. వాన లేని రాయలసీమలో నోటు వ్రాసి అప్పు తెచ్చుకొననిదే విత్తనము వేయలేని రైతులకు ఆ చట్టము ఎంతటి ఊరటయో పెద్దలెరుగుదురు. కాని ప్రామిసరీ నోట్లు కేంద్రమునకు చెందిన విషయము గనుక రాష్ట్రము చేసిన చట్టము చెల్లదని వాదము బయలుదేరెను. వ్యాజ్యము ఫెడరల్ కోర్టు వరకు పోయెను. 1940లో ఆ కోర్టు రాష్ట్ర చట్టమును నిలిపెను. అట్లే 1939లో రాష్ట్రము విధించిన అమ్మకపు పన్ను చెల్లదని వేరుసెనగ నూనె వర్తకులొకరు వేసిన వ్యాజ్యములో కూడ 1942లో రాష్ట్రము పక్షముననే తీర్పు వచ్చెను. నూనె తయారుచేయుటపై పన్ను కేంద్రమునకు, అమ్ముటపై పన్ను రాష్ట్రమునకు అను భేదము ఆ తీర్పుచే స్థిరపడెను. ఇట్టి వ్యాజ్యములలో రాష్ట్రముయొక్క అధికారమును కాపాడు భారము అడ్వకేటు జనరలు కార్యాలయముపై నుండెను. కాగితముపై నున్న చట్టము రైతు ముంగిటికి చేరుటకు శాసనసభ ఓటు మాత్రము చాలదు. కోర్టులో దానిని నిలుపగల విద్వాంసుడును కావలెను.

ఒక సందేహము

ఇచ్చట పాఠకులకు ఒక సందేహము కలుగక మానదు. 1929 మొదలు 1944 వరకు గడచిన పదునైదేండ్లు ఎట్టివి? 1930లో ఉప్పు సత్యాగ్రహము. 1942లో క్విట్ ఇండియా ఉద్యమము. వేలకొలది దేశభక్తులు చెరసాలలకు పోవుచుండ, ఆ చెరసాలల ప్రభుత్వమునకే న్యాయవాదిగా నుండుట తగునా? ఆ పదవిలోనే కృష్ణస్వామి అయ్యరుగారికి పూర్వము ఉండిన ఎస్. శ్రీనివాసయ్యంగారుగారు 1920లో పదవిని వదలి, ప్రభుత్వమిచ్చిన బిరుదమును త్రోసివేసి కాంగ్రెసులో చేరి, 1926లో గౌహతి కాంగ్రెసునకు అధ్యక్షులైరి. ప్రకాశం పంతులుగారు 1921లో వేలకొలది రూపాయల రాబడిగల వృత్తిని విడిచి స్వరాజ్య పత్రికను నడిపి, సర్వస్వము ధారపోసి, చెరసాలలు చూచిరి. వారి త్యాగము ముందు ఏ బిరుదును నిలువజాలదు. ఈ మాటను దాచి జీవితచరిత్ర వ్రాయుట సత్యమునకు ద్రోహము.

అయితే ఆ విషయమునకు రెండవ ముఖము కూడ కలదు. ఒక దేశము స్వతంత్రమగుటకు త్యాగమూర్తులు కావలెను. స్వతంత్రమైన దేశము నిలుచుటకు శాస్త్రజ్ఞులు కావలెను. తెల్లవారి ప్రభుత్వము పోయిన మరునాడే న్యాయస్థానములు మూతపడవు. శిస్తు వసూలు ఆగదు. కేంద్రమునకును రాష్ట్రములకును నడుమ గీత గీయవలెను. పౌరుని హక్కు ఎంతవరకో, ప్రభుత్వపు అధికారమెంతవరకో వ్రాయవలెను. ఈ పని ఉత్సాహముతో మాత్రము జరుగదు. సంవత్సరముల తరబడి అదే విద్యతో తలపండినవారు కావలెను. ఈ సంగతిని కాంగ్రెసు నాయకులే గుర్తించిరి. కృష్ణస్వామి అయ్యరుగారు కాంగ్రెసువాది కాకపోయినను, చెన్నరాష్ట్రమునుండి వారిని రాజ్యాంగ సభకు పంపిరి. చెర అనుభవించినవారు చెర ప్రభుత్వపు వకీలును పిలిచి ప్రక్కన కూర్చుండబెట్టుకొనుట ఇరువురకును గౌరవము తెచ్చిన విషయము.

రాజ్యాంగ సభలో

1946 డిసెంబరులో రాజ్యాంగ సభ కూడెను. 1947 ఆగస్టు 29న డాక్టరు అంబేద్కరుగారి అధ్యక్షతన ఏడుగురితో ముసాయిదా సంఘము ఏర్పడెను. అందులో అయ్యరుగారు ఒకరు. భాగస్వామ్య చట్టమునాటి సహచరులైన బ్రజేంద్రలాల్ మిత్తరుగారును మొదట అందులో ఉండిరి. ప్రాథమిక హక్కులు, పౌరసత్వము, న్యాయస్థానముల అధికారములు, కేంద్ర రాష్ట్ర సంబంధములు మొదలగు విషయములలో అయ్యరుగారి కృషి రాజ్యాంగ సభ చర్చల సంపుటములలో నేటికిని చూడవచ్చును. దేహారోగ్యము అంతంతమాత్రమే యైనను వారు పనినుండి తొలగలేదు.

చదువురాని కోట్లాది జనమునకు ఓటు హక్కు ఇయ్యవచ్చునా యని శంకించినవారు ఆ దినములలో పలువురుండిరి. జీవితమంతయు గ్రంథములతో గడపిన ఈ పండితుడు మాత్రము సామాన్య మానవునియందు విశ్వాసముంచి, వయోజనులందరకు ఓటు ఉండవలెనను పక్షమును సమర్థించెను. చదువు గొప్పదనమెరిగినవాడే చదువులేనివాని హక్కును కాపాడుట గమనింపదగిన సంగతి.

1949 నవంబరు 25న, రాజ్యాంగము ఆమోదము పొందుటకు ముందటి దినమున, అంబేద్కరుగారు సభలో తుది ప్రసంగము చేయుచు, ముసాయిదా సంఘములో తనకంటె గొప్పవారు, సమర్థులు ఉండిరని చెప్పి, అయ్యరుగారి పేరును ప్రత్యేకముగా పేర్కొనిరి. సమాజము అంటరానివాడని దూరముంచిన కుటుంబములో పుట్టి ప్రపంచ విద్వాంసుడైన అంబేద్కరుగారు, బీద పురోహితుని కుమారునికి బహిరంగముగా చేసిన ఈ సన్మానము సర్ బిరుదుకంటె విలువైనది. విద్య ఇరువురను ఒక బల్లచుట్టు కూర్చుండబెట్టినది.

తండ్రి పేరు

చెన్నపట్నపు మైలాపూరు ప్రాంతమున, లజ్ చర్చి రోడ్డులో అయ్యరుగారి గృహముండెను. దానికి ఏకామ్ర నివాసము అని పేరు. దక్షిణ తాంబూలములతో సంసారమీదిన తండ్రి పేరు ఆ గృహపు ద్వారముమీద నిలిచినది. వారి కుమారులలో అల్లాడి కుప్పుస్వామిగారు తరువాతి కాలమున ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయిరి. మరియొకరు రామకృష్ణన్‌గారు భౌతికశాస్త్రమున ప్రసిద్ధులై 1962లో చెన్నపట్నమున గణితశాస్త్ర పరిశోధన సంస్థను స్థాపించిరి. ఆ సంస్థకు బీజమైన విద్వద్గోష్ఠులు జరిగినది ఆ యింటిలోనే.

1953 అక్టోబరు 1న తెలుగు జిల్లాలు చెన్నరాష్ట్రమునుండి విడివడి, కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రము అవతరించెను. వృత్తిని తృణప్రాయముగ విడిచిన ప్రకాశం పంతులుగారు ప్రథమ ముఖ్యమంత్రి అయిరి. సరిగా రెండు దినముల తరువాత, అక్టోబరు 3న, అల్లాడి కృష్ణస్వామి అయ్యరుగారు పరమపదించిరి. ఒకే కాలమున ఒకే హైకోర్టులో అడుగుపెట్టిన ఇరువురిలో ఒకరు కొత్త రాష్ట్రమునకు పాలకులైరి. ఒకరు ఆ రాష్ట్రము ఏ రాజ్యాంగము క్రింద పుట్టినదో ఆ రాజ్యాంగమును వ్రాసినవారిలో ఒకరై వెడలిపోయిరి. మరుసటి యేడు జూలైలో గుంటూరున ఆంధ్ర హైకోర్టు వెలసెను. 1956లో అది హైదరాబాదుకు చేరెను. రాష్ట్ర విభజన పిమ్మట 2019 జనవరి 1 నుండి అమరావతిలో మన హైకోర్టు పనిచేయుచున్నది. చిలమకూరు రైతు కాగితముల మూటతో చెన్నపట్నపు రైలు ఎక్కవలసిన అగత్యము తీరిపోయినది.

తీరనిది మరియొకటి కలదు. పల్లెలో పదవ తరగతి మంచి మార్కులతో దాటి, పట్నములో తల దాచుకొనుటకు చోటులేక చదువు మానుకొను పిల్లలు నేటికిని ఉన్నారు. కృష్ణస్వామి అయ్యరుగారికి పుదూరునుండి ఎస్ప్లనేడు వీథివరకు సాగిన దారియే మిక్కిలి దూరము. అటుపిమ్మట దారిని వారే వేసికొనిరి. మన పిల్లలకును ఆ మొదటి దూరమును దాటించువారు కావలెను. అన్నమును, చదువును కలిపి పెట్టు సంప్రదాయము గల మఠములును, కలిగిన గృహస్థులును ఈ విషయమును ఆలోచింతురుగాక. పట్నమున ఒక గది, రెండుపూటల భోజనము, పుస్తకములకు కొంత సొమ్ము ఏర్పాటుచేసినచో ఏ పల్లెలోని ఏ పిల్లవాడు, ఏ పిల్ల రేపు రాష్ట్రము పక్షమున నిలిచి వాదించునో ఎవరు చెప్పగలరు?